గురుడి పక్కన మూడు చుక్కలు

ముందు ఆ వరండా లైటు ఆర్పెయ్యి అమ్మడూ. ఫోను బోర్లించు. బోర్లించడమంటే మధ్యమధ్యలో ఎత్తి చూసుకోవడం కాదు. చీకట్లోకి వచ్చిన కంటికి కుదురుకోవడానికి అరగంట పడుతుంది. ఈలోగా ఒక్కసారి ఫోను వెలిగించావా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎలాగూ కూర్చోవాలి కాబట్టి పాత ముచ్చట్లు చెబుతాను, విను. రేపు ఆదివారమేగా, నీకు మునిగిపోయే పనులేం లేవు.

మా చిన్నప్పుడు శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోగానే మంచాలు వాకిట్లోకి వచ్చేవి. మళ్లీ తొలకరి పడేదాకా ఇంటికప్పు కింద నిద్రపోయేవాళ్లు తక్కువ. సాయంత్రం వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి, నులక బిగించి, వరసగా వేసేవాళ్లం. భోజనాలవగానే మా అమ్మ లాంతరు ఊదేసేది. కిరసనాయిలు ఊరికే రాదు కదా! దీపం ఆరాక ఇక ఉన్నదల్లా ఆకాశమే.

నాయనమ్మ మంచం పక్కన చోటు కోసం మేం కొట్టుకునేవాళ్లం. ఆమెకు అక్షరం ముక్క రాదు, చుక్కలన్నీ వచ్చు. కృత్తికలను పిల్లల కోడి అనేది. మూడు చుక్కలు వరసగా ఉంటే గొల్లకావడి అనేది. ఉత్తరాన సప్తర్షి మండలం చూపించి, 'నాలుగు కోళ్ల మంచాన్ని ముగ్గురు దొంగలు లాక్కుపోతున్నారు చూడు' అనేది. ఋషుల్ని పట్టుకుని దొంగలంటావేమిటే అని తాతయ్య కసిరేవాడు. నాకు అట్లాగే కనిపిస్తోంది, నేనేం చెయ్యను అనేది ఆమె. ఈ మాట గుర్తుపెట్టుకో, దీనితో తరవాత పనుంది.

రైతులకు చుక్కలే కాలెండరు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి అంటాం కదా, ఆ రోహిణి ఎవరనుకున్నావు? ఆకాశంలో ఎర్రగా మెరిసే చుక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర పదమూడు పద్నాలుగు రోజులుంటాడు, అదే కార్తె. సూర్యుడు పక్కనే ఉంటాడు గనక రోహిణి కార్తెలో రోహిణి కనపడదు. కనపడని చుక్కను లెక్కగట్టి విత్తనాలు చల్లిన జాతి మనది.

ఇక పెళ్లిళ్లలో చూడాలి తమాషా. పట్టపగలు పదకొండింటి ముహూర్తం. పురోహితుడు వధూవరులను పందిరి బయటకు తీసుకొచ్చి, ఉత్తరం వైపు చెయ్యెత్తి 'అదుగో అరుంధతి, కనిపించిందా' అంటాడు. పెళ్లికొడుకు ఎండకు కళ్లు చికిలించి 'కనిపించిందండీ' అంటాడు. పెళ్లికూతురు తలొంచుకునే 'ఊఁ' అంటుంది. నేను వందల పెళ్లిళ్లకు వెళ్లాను, కనిపించలేదని చెప్పినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. నీ పెళ్లికి రాత్రి ముహూర్తమే పెట్టిద్దాం. అరుంధతి నిజంగా ఉంది, వశిష్ఠుణ్ణి ఆనుకునే ఉంటుంది. మంచి కళ్లున్నవాళ్లకు ఊరికే కనిపిస్తుంది. దుర్భిణిలో అయితే ఇద్దరూ విడివిడిగా స్పష్టంగా ఉంటారు. టెలిస్కోపు పెడితే ఇంకో వింత, వశిష్ఠుడే మళ్లీ ఇద్దరుగా విడిపోతాడు.

చూడకుండా చూశామనే అలవాటు అందరికీ ఉంది. మా పాలేరు వెంకన్న ఒకసారి మిరపకాయల బండి కట్టాడు. వేగుచుక్క పొడిచాక బయలుదేరితే ఎండెక్కక ముందే గుంటూరు చేరొచ్చని లెక్క. మగత నిద్రలో లేచాడు, తూర్పున తళతళలాడుతున్న చుక్క కనిపించింది, బండి తోలాడు. అది వేగుచుక్క కాదు, గురుడు. వెంకన్న గుంటూరు పొలిమేరకు చేరేసరికి ఊరంతా గాఢనిద్రలో ఉంది. ఎద్దులూ తనూ ఒక చెట్టు కింద పడుకుని, అసలు వేగుచుక్క ఎప్పుడొస్తుందా అని చూశారు. వేగుచుక్కంటే శుక్రుడే, శుక్రుడు సూర్యుణ్ణి వదిలి దూరంగా పోలేడమ్మా. తెల్లవారడానికి మహా అయితే మూడు గంటల ముందు పొడుస్తాడు. నడిరేయి మెరిసేది శుక్రుడు కానే కాదు. వెంకన్న ఆ తరవాత ఎప్పుడూ మోసపోలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది టెలిస్కోపు సంగతి. 1976లో నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. జీతం మూడు వందల చిల్లర. టూరింగు టాకీసులో నేల టికెట్టు అర్ధ రూపాయి. టెలిస్కోపు కొనడమనేది మాకు ఊహలో కూడా లేదు. కళ్లజోళ్ల కొట్టుకు వెళ్లి ప్లస్ ఒకటి పవరు అద్దం, చెక్కకుండా గుండ్రంగానే ఇమ్మన్నాను. 'ఫ్రేమో?' అన్నాడాయన. వద్దన్నాను. 'రెండో కంటికో?' అన్నాడు. అదీ వద్దన్నాను. జాలిగా చూసి మూడు రూపాయలు తీసుకుని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ప్లస్ ఒకటి అద్దమైతే వెలుగును సరిగ్గా మీటరు దూరంలో కుదురుస్తుంది. అంత పొడుగు గొట్టం బట్టలకొట్లో దొరికింది, తాను చుట్టే అట్టగొట్టం. షావుకారు డబ్బు తీసుకోలేదు, తనకు కూడా చందమామను చూపించాలని షరతు పెట్టాడు. గొట్టం లోపల వెలుగు చెదరకుండా దీపపు మసిలో జిగురు కలిపి, కర్రకు గుడ్డ చుట్టి పూశాను. మోచేతుల దాకా నలుపు, మూడు రోజులు వదల్లేదు. అద్దం అంచుల నుంచి వచ్చే వెలుగు రంగులు రంగులుగా విడిపోయి బొమ్మను పాడుచేస్తుంది. అందుకని ముందు ఒక అట్ట అడ్డంపెట్టి, దానికి రూపాయి బిళ్లంత కన్నం చేశాను. అద్దం అరచేతిలో సగముంటే వాడుకున్నది రూపాయంత. కంటి వైపు గడియారాలు బాగుచేసేవాళ్లు పెట్టుకునే భూతద్దం, నాలుగు రూపాయలు. దాని దూరం అయిదు సెంటీమీటర్లు. మీటరును అయిదు సెంటీమీటర్లతో భాగించు. ఇరవై. ఇరవై రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. గెలీలియో వాడింది కూడా దాదాపు ఇంతేనమ్మా. పిట్ట కొంచెం కూత ఘనం.

మొదట చంద్రుణ్ణి చూశాం. పౌర్ణమినాడు కాదు, ఆ రోజు ఎండపడ్డ సున్నపు గోడలా చదునుగా ఉంటాడు. సప్తమి, అష్టమి రోజుల్లో చూడాలి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంటల అంచులు మెరుస్తూ, వాటి నీడలు పొడుగ్గా పడి ఉంటాయి. నాయనమ్మ కన్నుపెట్టి చాలాసేపు చూసి, 'చంద్రుణ్ణి తలకిందులు చేశావేరా' అంది. నిజమే, రెండు ఉబ్బుటద్దాల టెలిస్కోపులో బొమ్మ తిరగబడుతుంది. ఊళ్లో అంతమంది చూశారు, ఆ సంగతి పట్టుకున్నది ఆమె ఒక్కతే.

ఆ ఏడు కార్తీకంలో గురుడు పిల్లల కోడికి కాస్త కిందుగా ఉన్నాడు. కోడి పిల్లల్ని దిగవిడిచి దీపం పట్టుకుని వచ్చినట్టుండేది. బడి పిల్లలకు చూపిద్దామని ఆవరణలో కొయ్య పాతి గొట్టం కట్టాను. కబురు పొక్కి సగం ఊరు వచ్చింది.

అప్పటి మర్యాదలు వేరు. ఎవరు ముందు చూడాలన్నది పెద్ద ప్రశ్న. కరణం గారు ముందు చూడాలి, ఆయన కాఫీ తాగుతున్నారు. కాబట్టి అందరూ ఆగాలి. కానీ భూమి ఆగదు కదా! నేను గురుణ్ణి సరిగ్గా మధ్యలో పెట్టి పిలిచేసరికి, ఆయన గ్లాసు కిందపెట్టి, కండువా సర్దుకుని, నడిచి వచ్చేలోపు గురుడు అద్దం దాటి పోయేవాడు. మళ్లీ వెతికి పెట్టడం, మళ్లీ పోవడం. నాలుగోసారికి దొరికాడు.

నేను ముందే పాఠం చెప్పాను. 'గురుడికి నాలుగు పెద్ద చంద్రులున్నారు, ఒకే వరసలో నాలుగు చుక్కల్లా కనిపిస్తారు' అన్నాను. కరణం గారు చూసి 'నాలుగు' అన్నారు. షావుకారు నాలుగన్నాడు. మునసబు గారు, పోస్టుమాస్టరు గారు, నా తరగతి పిల్లలు నలభై మంది, అందరూ నాలుగే అన్నారు. చివర్న గేదెలు కాసే కుర్రాడు వచ్చాడు. బడికి రాడు గనక నా పాఠం వినలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి అద్దానికి తగలకుండా బిగబట్టి చూశాడు.

'మూడున్నాయండీ' అన్నాడు.

అందరూ నవ్వారు. సరిగ్గా చూడరా అన్నాను. మళ్లీ చూశాడు. 'ఎడమ పక్కన రెండు, కుడి పక్కన ఒకటి. మూడేనండీ' అన్నాడు. నేను వంగి చూశాను. మూడే. ఆ రాత్రి నేను కూడా అంతకుముందు చూసి నాలుగనే అనుకున్నాను, లెక్కపెట్టనే లేదు. జనం వెళ్లిపోయాక వాడూ నేనూ ఉండిపోయాం. దాదాపు రెండు గంటల తరవాత గురుడి అంచు నుంచి సూదిమొనంత చుక్క బయటపడింది. నాలుగోది అప్పటిదాకా గురుడి చాటున ఉంది.

చాలా ఏళ్ల తరవాత గెలీలియో రాసుకున్న సంగతులు చదివాను. 1610 జనవరి 7 రాత్రి ఆయన గురుడి పక్కన చూసింది మూడు చుక్కలే. మూడనే రాసుకున్నాడు, బొమ్మ కూడా గీసుకున్నాడు. నాలుగోది దొరికింది 13వ తేదీన. నా గేదెల కుర్రాడు అంతవాడని పొగడటానికి చెప్పడం లేదు. ఇద్దరూ చేసిన పని ఒకటే అంటున్నాను. కనిపించినదాన్ని కనిపించినట్టు లెక్కపెట్టారు. వాడిప్పుడు తెనాలిలో తాపీమేస్త్రీ. గోడ ఒక దారప్పోగు వంకరున్నా ఒప్పుకోడు.

మనవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు మనం మరిచిపోయాం గానీ, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుంటే చూసి లెక్కలు రాశారు. మన గుంటూరుకేమో 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే పండితుడు సముద్రాలు దాటి వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల్ని గ్రహణం లేనప్పుడు కూడా చూడొచ్చని ఆయన మర్నాడే, గుంటూర్లోనే కనిపెట్టాడు. మళ్లీ 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు దగ్గర జాపాల్ రంగాపూర్ వేధశాల మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్లింది. అక్కడ శాస్త్రవేత్తలు ఎదురుచూస్తుంటే, మా ఊళ్లో పాక్షికానికే వీధిలో కుక్క కూడా తిరగలేదు, తలుపులన్నీ బిడాయించారు. నేను అదే అట్టగొట్టాన్ని సూర్యుడికేసి తిప్పి, వెనక తెల్లకాగితం పెట్టి, దానిమీద పడ్డ కొరికిన సూర్యుణ్ణి పిల్లలకు చూపించాను. సూర్యుణ్ణి అద్దంలోంచి కంటితో మాత్రం చూడకూడదు. చూస్తే కన్ను పోతుంది. ఇది నవ్వుతూ చెప్పే మాట కాదు, గుర్తుంచుకో.

అరె, ఎక్కడికో వెళ్లిపోయాను. కళ్లు కాస్త కుదురుకున్నాయా? ఇంకా పది నిమిషాలుంది, కూర్చో.

నీ ఒళ్లో ఉన్న ఈ దుర్భిణి మద్రాసు బర్మా బజారులో కొన్నాను. రష్యాది. బేరమాడి బేరమాడి నా నెల జీతానికి పాతిక రూపాయల తక్కువకు తెచ్చాను. ఆ నెల మీ నాయనమ్మ నాతో మాట్లాడింది పది మాటలు. దానిమీద ఏడు, యాభై అని అంకెలున్నాయి చూడు. ఏడు రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందరి అద్దం యాభై మిల్లీమీటర్లు. కొత్తవాళ్లందరూ ఎన్ని రెట్లని అడుగుతారు. అడగాల్సింది అద్దం ఎంత వెడల్పని. పెద్ద నోరున్న బిందెలో వాన ఎక్కువ పడుతుంది, వెలుగూ అంతే.

దాన్ని నిలబడి పట్టుకుంటే చెయ్యి వణికి చుక్కలు దోమల్లా ఎగురుతాయి. మంచం మీద వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకు ఆనించి చూడు. మామూలు కంటికి ఆరో ఏడో కనిపించే పిల్లల కోడి ఇందులో పదుల చుక్కలవుతుంది, నీలంగా, తడితడిగా. దాన్ని చూసినప్పుడే నాకు నాయనమ్మ పెట్టిన పేరు ఎంత సరైనదో తెలిసింది. గొల్లకావడికి కింద వేలాడే చుక్కల్లో ఒకటి చుక్క కాదు, మసకమబ్బు. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఉత్తరాభాద్రకు కాస్త ఎగువన దీపం చుట్టూ పొగమంచులాంటి మరక ఉంటుంది. అది మన పాలపుంతలాంటి ఇంకో పాలపుంత. దాని వెలుగు బయలుదేరి పాతిక లక్షల ఏళ్లయింది. ఆ వెలుగు ఇంత ప్రయాణం చేసి చివరికి వచ్చి పడేది నీ కంట్లో.

జనం సంగతి మళ్లీ చెబుతాను. 1979 జులైలో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నారు. ఊళ్లకు ఊళ్లు వణికిపోయాయి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నారు. అప్పులున్నవాళ్లు నిశ్చింతగా నిద్రపోయారు, అప్పులిచ్చినవాళ్లు పోలేదు. చూశామని చెప్పినవాళ్లకు కొదవే లేదు. ఒకాయన నిప్పుల కుండలా పోతుంటే చూశానన్నాడు, ఇంకొకాయనకు దాని చప్పుడు కూడా వినిపించింది. అది పోయి ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ, సముద్రంలోనూ పడింది. మర్నాడు మిగిలింది ఖాళీ కోళ్లగూళ్లు.

1986లో హాలీ తోకచుక్క. పత్రికలన్నీ ఏడాది ముందునుంచే రాశాయి. శివరాత్రి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున నాలుగింటికి, కాలవగట్టు మీద ఊరంతా దుప్పట్లు కప్పుకుని నిలబడింది. ఆగ్నేయాన, కిందుగా, దూదిపింజంత మరక. ఒకరి తరవాత ఒకరు దుర్భిణిలో చూసి 'ఇదేనా?' అన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టారన్నారు. ఆ సారి తోకచుక్క సూర్యుడి దగ్గరకొచ్చినప్పుడు భూమి అవతలి పక్కన ఉంది, అందుకే అంత మసక. అయినా నాకు చాలా గొప్పగా కనిపించింది. డెబ్బై ఆరేళ్లకొకసారి వచ్చే చుట్టాన్ని గుమ్మంలో చూసినా చాలు.

అప్పటికి నాయనమ్మ లేదు. ఆమె 1910లో తోకచుక్కను చూసింది. 'సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరగలేదురా. సాయంత్రం పూట, పడమట చింతచెట్టు పైన, చీపురు నిలబెట్టినట్టు లేచింది' అని వందసార్లు చెప్పింది. మేమందరం అది హాలీ అనే అనుకున్నాం, నేను బళ్లో కూడా అట్లాగే చెప్పాను. తీరా చదివితే, 1910లో వచ్చినవి రెండు తోకచుక్కలు. జనవరిలో ఒకటి హఠాత్తుగా వచ్చి, సూర్యుడి పక్కన పట్టపగలే కనిపించేంత వెలిగి, నెలాఖరు సాయంత్రాల్లో పడమట నిలిచింది. హాలీ వచ్చింది ఏప్రిల్, మే నెలల్లో, ఎక్కువ రోజులు తెల్లవారుజామున, తూర్పున. ప్రపంచంలో ఎంతోమంది ముసలివాళ్లు జనవరి దాన్ని చూసి హాలీని చూశామనుకున్నారట. నాయనమ్మ మాత్రం ఒక్కసారి కూడా హాలీ అనలేదు. ఆ పేరు తగిలించింది మేము. ఆమె చెప్పినవి మూడే మాటలు. సంక్రాంతి, సాయంత్రం, పడమర. మూడూ నిజం.

ఇప్పుడు ఈ ఊళ్లో కూడా వీధికి పది తెల్లదీపాలు. పాలపుంత మా వాకిట్లోంచి పోయి ఇరవై ఏళ్లవుతోంది. పొలాల్లోకి మైలు నడిస్తే ఇంకా కొంచెం మిగిలింది. నీ ఫోనులో చుక్కల పేర్లు చెప్పే యాప్ ఉందని నిన్న గొప్పగా చూపించావు. మంచిదే. నువ్వు తలెత్తకముందే అది పేరు చెప్పేస్తోంది, అదొక్కటే దానితో చిక్కు.

ఈ దుర్భిణిని రేపు నీతో పట్టుకెళ్లు. తోలుసంచీలో బియ్యపు మూట ఒకటి ఉంటుంది, తేమ పీల్చడానికి, తియ్యకు. మీ అపార్టుమెంట్లో కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టరు కట్టేసి మేడెక్కు. మెట్ల దగ్గరే ఆగిపోకుండా నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి, పిట్టగోడకు మోచేతులు ఆనించి గురుణ్ణి చూడు. ఏడు రెట్లకే ఆ చుక్కలు కనిపిస్తాయి, చెయ్యి కదలకూడదంతే. ఎన్ని ఉన్నాయో, ఏ పక్కన ఎన్నో అప్పటికప్పుడు నాకు ఫోను చెయ్యి. పుస్తకంలో నాలుగని ఉంది కదా అని నాలుగనకు.